అరసవల్లిలో గ్రహం, బడిలో నక్షత్రం: ఇంతకీ భావన అంటే ఏమిటి?

అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికి వెళ్ళొచ్చిన పిల్లాడికి మర్నాడు బడిలో సూర్యుడు ఒక నక్షత్రం అని పాఠం చెబుతారు. గుళ్ళో పంతులుగారిని అడిగితే నవగ్రహాల్లో మొదటివాడు ఆయనే అంటారు. మరి సూర్యుడు గ్రహమా, నక్షత్రమా? పాతకాలం వాళ్ళకి తెలీదు, సైన్సు వచ్చి సరిచేసింది అని చాలామంది ఠక్కున తేల్చేస్తారు కానీ, విషయం అంత తేలిగ్గా తెగదు. జ్యోతిషంలో గ్రహం అంటే రాశుల మీదుగా నడుస్తూ మనుషుల్ని పట్టేది. ఆ మాట పుట్టిందే పట్టుకోవడం అనే అర్థంలోంచి. ఆ లెక్కలో సూర్యుడు గ్రహం, చంద్రుడు గ్రహం, కంటికి కనపడని రాహుకేతువులు కూడా గ్రహాలే. భూమి మాత్రం కాదు, ఎందుకంటే చూసేవాడు నిలబడ్డది దానిమీదే. ఖగోళశాస్త్రంలో గ్రహం అంటే సూర్యుడి చుట్టూ తిరిగేది. ఇక్కడ భూమి లోపలికి వచ్చింది, సూర్యుడు బయటికి పోయాడు. మాట ఒక్కటే. ఏది లోపల, ఏది బయట అని గీసిన గీతలు రెండు.

ఆ గీత కూడా రాతిమీద చెక్కింది కాదు. 2006 ఆగస్టులో ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం కూర్చుని గ్రహానికి మూడు షరతులు పెట్టింది: సూర్యుడి చుట్టూ తిరగాలి, తన బరువుకి తానే గుండ్రంగా అయ్యేంత పెద్దదై ఉండాలి, తన దారిలో ఉన్న మిగతా సరుకునంతా ఊడ్చేసి ఉండాలి. మూడో షరతు దగ్గర ప్లూటో తప్పింది. ఆ రోజు ప్లూటోకి జరిగిందేమీ లేదు, అది ముందురోజు తిరిగినట్టే తిరిగింది. మారింది భూమ్మీద ఉన్న గ్రహం అనే భావన.

భావన అంటే ఇదే. ఇంగ్లీషులో కాన్సెప్ట్ అంటారు, సాంకేతిక పదాల సంగతి చూసే పరిభాషా శాస్త్రానికీ గ్రంథాలయ వర్గీకరణకీ పునాదిరాయి. తెలుగులో దీనికి సరైన పేరు పెట్టుకోవడంలోనే కాస్త ఇబ్బంది ఉంది. భావన అనగానే మనకి ముందు తట్టేది మనసులో కలిగే ఏదో ఫీలింగ్. తత్వశాస్త్రం పుస్తకాల్లో ప్రత్యయం అని రాస్తారు, కానీ వ్యాకరణం చదువుకున్నవాళ్ళకి ప్రత్యయం అంటే డుమువులు గుర్తొస్తాయి. ఇక సినిమావాళ్ళ కాన్సెప్ట్ అంటే నిర్మాతకి రెండు నిమిషాల్లో చెప్పే కథ. అంటే భావన అనే భావనకే తెలుగులో పేరు కుదురుగా లేదన్నమాట. ఈ వ్యాసం వరకు భావన అనే అందాం.

మాటకీ భావనకీ తేడా చూడటానికి చోళ్ళని మించిన ఉదాహరణ అక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చోళ్ళు, చోడంబలి. రాయలసీమకి వెళ్తే రాగులు, రాగిసంకటి. తెలంగాణలో తైదలు. మూడు మాటలు, గింజ ఒకటే, దాని గురించి రైతుకి తెలిసిందీ ఒకటే. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నడిపే అగ్రోవాక్ అనే పదజాల భాండారంలో ఇలాంటి ప్రతి భావనకీ ఒక నంబరు ఉంటుంది, భాషల్లోని పేర్లన్నీ ఆ నంబరుకి తగిలించిన చీటీలు. వికీపీడియాకి తోడుగా ఉండే వికీడేటాలో కూడా ఇంతే, అక్కడ భూమి క్యూ2, మనిషి క్యూ5. నంబరుకి భాష లేదు కాబట్టి ఏ భాషా మిగతావాటికంటే ఎక్కువ అసలైనది అనే గొడవ రాదు.

దీనికి తిరగేసిన కథ జీడి. పలాసలో జీడి అంటే కోట్ల వ్యాపారం, ఫ్యాక్టరీల్లో కాల్చి ఒలిచే జీడిపప్పు. బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి వాడిన నల్లజీడి వేరే చెట్టు. తీర్థాల్లో పిల్లలు కొనుక్కునే జీళ్ళు బెల్లం పాకాన్ని లాగిలాగి చేసినవి, వాటికీ చెట్టుకీ సంబంధమే లేదు. ఒక మాట కింద మూడు భావనలు. ఇందులో ఒక ముచ్చట ఉంది. పోర్చుగీసువాళ్ళు పట్టుకొచ్చిన కొత్త చెట్టుకి మనవాళ్ళు జీడిమామిడి అని పేరు పెట్టారు, అంటే ఇది కొంత జీడిలా, కొంత మామిడిలా ఉందని. వృక్షశాస్త్రజ్ఞులు తమ దారిలో తాము వెళ్ళి నల్లజీడినీ మామిడినీ జీడిమామిడినీ ఒకే కుటుంబంలో పెట్టారు. పేరు పెట్టినవాళ్ళ చూపు ఎంత పదునుగా ఉందో చూడండి.

సరే, భావన మాట కాకపోతే వస్తువేనేమో అనిపిస్తుంది. అదీ కాదు. తెల్లవారుజామున తూర్పున కనిపించే వేగుచుక్క, కొన్ని నెలలు పోయాక సాయంత్రం పడమట కనిపించే చుక్క, రెండూ శుక్రుడే. జర్మన్ తార్కికుడు ఫ్రేగే 1892లో ఈ ఉదాహరణనే పట్టుకున్నాడు. వస్తువు ఒకటి అయినా వేగుచుక్క అన్నప్పుడు మనసులోకి వచ్చే లక్షణాలు వేరు, సాయంత్రపు చుక్క అన్నప్పుడు వచ్చేవి వేరు. రెండూ ఒకటేనని తెలుసుకోవడం ఒక కొత్త విషయం తెలుసుకోవడమే. భావన వస్తువే అయితే అందులో తెలుసుకోవడానికి ఏముంటుంది? పైగా లేని వస్తువులకీ భావనలుంటాయి. రాహువు ఉన్నాడా లేడా అన్నది పక్కనపెడితే, రాహుకాలం ఎప్పుడో పంచాంగం నిమిషాలతో సహా చెబుతుంది.

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ తన 1087 నంబరు ప్రమాణంలో భావనకి ఇచ్చిన నిర్వచనం పొట్టిది: కొన్ని లక్షణాలు ఒక ప్రత్యేకమైన రీతిలో కలవడం వల్ల ఏర్పడే జ్ఞానపు యూనిట్. 1990 నాటి కూర్పులో జ్ఞానపు యూనిట్ అని లేదు, ఆలోచన యూనిట్ అని ఉండేది. గ్రంథాలయ పదజాలాలకి సంబంధించిన 25964 ప్రమాణంలో ఇప్పటికీ ఆలోచన యూనిట్ అనే ఉంది. ఇదేదో మాటల గారడీలా కనిపిస్తుంది కానీ తేడా పెద్దదే. ఆలోచన అంటే ఎవరి బుర్రలో వాళ్ళకి ఉండేది. జ్ఞానం అంటే పదిమంది ఒప్పుకుని, రాసుకుని, తప్పైతే దిద్దుకోగలిగేది. రెండోదే మెరుగు, ఎందుకంటే ఒకరి బుర్రలో ఉన్నదానికి ఎవరూ ప్రమాణం రాయలేరు.

ఇందులో అసలు సరుకు లక్షణాలు అనే మాట దగ్గర ఉంది. పొందూరు ఖద్దరు సంగతే తీసుకుంటే, చేనేతకీ ఖద్దరుకీ తేడా ఏమిటని అడిగితే తడుముకునేవాళ్ళే ఎక్కువ. రెండూ మగ్గం మీద చేత్తో నేసినవే. తేడా నూలు దగ్గర. చేనేత బట్టకి మిల్లు నూలు వాడినా అది చేనేతే. ఖద్దరుకి మాత్రం నూలు కూడా చేత్తో వడికినదై ఉండాలి, 1956 నాటి ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ చట్టం చెప్పేది కూడా అదే. నూలు, పట్టు, ఉన్ని ఏదైనా ఫరవాలేదు, చేతి వడుకు, చేతి నేత రెండూ ఉండాలి. కాబట్టి చేతి వడుకు అనేది ఖద్దరుని చేనేత నుంచి వేరు చేసే లక్షణం. తెల్లగా ఉండటం, గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే నిలబడటం, రాజకీయ నాయకులు వేసుకోవడం, ఇవన్నీ ఖద్దరు గురించి నిజాలే కానీ ఖద్దరుని ఖద్దరు చేసేవి కావు. ఇక పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. అది ఖద్దరు అనే భావనలో లేదు, పొందూరు సన్నఖద్దరు అనే భావనలోకి వచ్చేసరికి, కనీసం తెలిసినవాళ్ళ దృష్టిలో, అది లేకుండా కుదరదు. బట్ట, చేనేత బట్ట, ఖద్దరు, పొందూరు సన్నఖద్దరు అని దిగుతూ పోతే ప్రతి మెట్టు దగ్గరా ఒక లక్షణం పెరుగుతుంది, లోపల పట్టే వస్తువుల సంఖ్య తగ్గుతుంది.

బొబ్బిలి వీణ కూడా ఈ కోవలోదే. ఒకే పనస మొద్దుని తొలిచి చేసే ఏకాండి వీణ అది. ఏకాండి కావడం పనితనానికి సంబంధించిన లక్షణం. భౌగోళిక గుర్తింపు వచ్చాక ఊరు కూడా లక్షణమే అయింది, అంటే ఎక్కడో దూరాన ఎవరైనా అదే కొలతలతో, అదే పనసచెక్కతో, వినేవాడికి తేడా తెలియనంత బాగా చేసినా అది బొబ్బిలి వీణ కాదు. చెవికి తెలియని తేడా చట్టానికి తెలుస్తుంది.

లక్షణాలు ఎంచుకోవడంలో జరిగే తప్పుల గురించి మన తర్కశాస్త్రం వాళ్ళు ఎప్పుడో చెప్పేశారు, ఇంకెవరి దగ్గరికీ వెళ్ళక్కర్లేదు. ఆవు అంటే కొమ్ములున్నది అని చెబితే గేదెకీ ఉంటాయి, అది అతివ్యాప్తి. ఆవు అంటే కపిల రంగుది అంటే తెల్లావులు బయటే మిగిలిపోతాయి, అది అవ్యాప్తి. ఆవు అంటే చీలని గిట్ట ఉన్నది అంటే ఒక్క ఆవుకీ సరిపోదు, అసంభవం. మెడ కింద వేలాడే గంగడోలు ఉన్నది అంటే సరిగ్గా కూర్చుంటుంది. 17వ శతాబ్దంలో అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న వ్యాఖ్యలో ఈ మూడు దోషాలూ ఉన్నాయి. ఈనాటి పరిభాషా శాస్త్రం నిర్వచనం మరీ వెడల్పు కాకూడదు, మరీ ఇరుకు కాకూడదు అని చెప్పేది దీన్నే. గంగడోలు ఆవుకి అతిముఖ్యమైన అవయవమేమీ కాదని గమనించాలి. పాలిచ్చేది పొదుగు. కానీ ఆవుని పక్క జంతువు నుంచి వేరు చేయడానికి పొదుగు పనికిరాదు. ముఖ్యమైన లక్షణం ఒకటి, వేరు చేసే లక్షణం ఇంకొకటి, రెండూ ఒకటే కావాలని లేదు.

బౌద్ధుడు దిఙ్నాగుడు ఇంకో అడుగు వేసి, ఆవుల్లో ఉమ్మడిగా ఆవుతనం అనేదేమీ లేదు, ఆవు కానివాటిని తోసేయగా మిగిలిందే ఆవు అన్నాడు. దీనికి అపోహ అని పేరు. (ఈ మాటకి కూడా ఇప్పుడు తెలుగులో వేరే అర్థం వచ్చేసింది, అది వేరే గొడవ.) వినడానికి ఇదేదో డొంకతిరుగుడులా ఉంటుంది. కానీ 1985లో పార్లమెంటు చేసిన చేనేత రిజర్వేషన్ చట్టంలో చేమగ్గం అంటే ఏమిటని చూస్తే, మరమగ్గం కాని ఏ మగ్గమైనా సరే అని ఉంటుంది. దిఙ్నాగుడి పద్ధతి పదిహేను వందల ఏళ్ళ తర్వాత చీరల మీద పనికొచ్చిందన్నమాట. ఆ చట్టం చేసినవాళ్ళకి చేమగ్గం అంటే ఏమిటో వర్ణించాల్సిన పనిలేదు, మరమగ్గాన్ని బయట ఉంచడమే వాళ్ళకి కావలసింది. గీత గీసేవాడికి ఏం పని కావాలో దాన్నిబట్టే గీత ఉంటుంది.

ఈ విషయాన్ని ఒక శాస్త్రంగా మలిచింది భాషావేత్త కాకపోవడం ఆశ్చర్యంగా ఉంటుంది. ఓయ్‌గెన్ వ్యూస్టర్ ఆస్ట్రియా దేశపు ఇంజనీరు, సొంత ఫ్యాక్టరీ ఉన్నవాడు, ఎస్పెరాంతో అనే కృత్రిమ భాష మీద మోజు పడ్డవాడు. సాంకేతిక భాషని, ముఖ్యంగా విద్యుత్తు రంగంలో, దేశాల మధ్య ఒక దారికి తేవడం గురించి 1931లో పుస్తకం తెచ్చాడు. అతను నిఘంటువు పద్ధతిని తిరగేశాడు. నిఘంటువు మాటతో మొదలుపెట్టి దీనికి అర్థం ఏమిటి అని అడుగుతుంది. వ్యూస్టర్ ముందు భావనని లక్షణాలతో తేల్చి, దాని చుట్టూ ఉన్న భావనల పక్కన నిలబెట్టి, అప్పుడు దీనికి ఏ పేరు పెడదాం అని అడగమన్నాడు. మరలు చేసే ఫ్యాక్టరీలో ఇది సహజమే. భాగం ముందు తయారవుతుంది, పేరు తర్వాత వస్తుంది. అన్నట్టు అదే 1931లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేస్తున్న ఎస్. ఆర్. రంగనాథన్ గ్రంథాలయశాస్త్ర పంచసూత్రాల పుస్తకం వచ్చింది, శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి సవర భాషా బోధిని కూడా వచ్చింది. 1938లో సవర నిఘంటువు. ముగ్గురూ ఎవరి దారిలో వాళ్ళు, మాటల వెనక ఉన్నదాన్ని పట్టుకోవాలని తంటాలు పడుతున్నారు.

తెలుగులో వ్యూస్టర్ దారికి దగ్గరగా వచ్చిన పని భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి నడిపిన మాండలిక వృత్తిపదకోశం. మొదటి సంపుటం వ్యవసాయం, 1962. రెండోది చేనేత, 1971. రైతుల నోట, నేతగాళ్ళ నోట వినిపించే పదాలు సేకరించి, ఏది ఏ ప్రాంతపు మాటో గుర్తు పెట్టారు. అలాంటి పుస్తకంలో గింజకి పది పేర్లుంటే పదీ పక్కపక్కనే కనిపిస్తాయి, ఏది ప్రామాణికం అనే తగువు పెట్టుకోవాల్సిన పని ఉండదు. దేశంలో శాస్త్ర సాంకేతిక పారిభాషిక పదావళి కమిషన్ 1961లో, తెలుగు అకాడమీ 1968లో వచ్చాయి, వాటి పదకోశాలు ఎక్కువగా ఇంగ్లీషు మాట ఎడమ పక్క, తెలుగు మాట కుడి పక్క. మధ్యలో ఉండాల్సిన భావన కనపడదు.

అది కనపడకపోతే ఏమవుతుందో చూడాలంటే ఏ తెలుగు పేపరైనా తెరవచ్చు. ఆహార భద్రత అధికారులు హోటళ్ళ మీద దాడి చేసి కుళ్ళిన మాంసం పట్టుకున్నారని ఒక వార్త, ఆహార భద్రత చట్టం కింద పేదలకి బియ్యం అని ఇంకో వార్త. మొదటిది 2006 నాటి చట్టం, తిండి కల్తీ లేకుండా ఉండాలని. రెండోది 2013 నాటిది, తిండి అందరికీ అందాలని. ఒకదాంట్లో ఇన్‌స్పెక్టరు, ఇంకోదాంట్లో రేషన్ డీలరు. ఇంగ్లీషులో సేఫ్టీ, సెక్యూరిటీ అని రెండు మాటలున్నచోట తెలుగు మాట ఒకటే పెట్టేసి రెండు భావనల్ని ఒకే సంచిలో వేసేశారు. ఇది తెలుగు భాష పేదరికం అనుకుంటే పొరపాటు. వడ్లు, బియ్యం, నూకలు, అన్నం అని మనం నాలుగు భావనలు వేరుచేసిన చోట ఇంగ్లీషువాడు అన్నిటికీ రైస్ అనే మాటకే ఏదో ఒక తోక తగిలించుకోవాలి. అవసరమైన చోట భాష గీత గీసుకుంటుంది. పదకోశం రాసేవాళ్ళు ఆ గీత ఎక్కడుందో చూడకుండా మాట వెతికితే ఆహార భద్రతలాంటివి పుడతాయి.

భావన ఒంటరిగా ఉండదు. నాగావళి తీరంలో రైతుని వరి వేశారా అని అడిగితే ఉభాలా, ఎదా అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఉభాలు అంటే ఆకుమడిలో పెంచిన నారు తీసి నాటడం, మిగతా చోట్ల నాట్లు, ఊడ్పులు అంటారు. ఎద అంటే విత్తనాన్ని నేరుగా పొలంలో చల్లేయడం. రెండూ వరి సాగు అనే పెద్ద భావన కింద పక్కపక్కన ఉండేవి, ఒకటేమిటో తెలియాలంటే రెండోది తెలియాలి. ఆకుమడి వీటికి ఇంకోరకంగా చుట్టం. అది సాగు రకం కాదు, కానీ ఉభాలతో ముడిపడి ఉంటుంది, ఎదతో ముడిపడదు. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2009లో ఆమోదించిన స్కోస్ అనే పద్ధతిలో ఈ చుట్టరికాలనే కంప్యూటరుకి అర్థమయ్యేలా రాస్తారు: దీనికంటే విశాలమైనది, దీనికంటే ఇరుకైనది, దీనికి సంబంధించినది. ఒక్కో భావనకి ఒక్కో భాషలో ముఖ్యమైన పేరు ఒకటికి మించకూడదు, మిగతా పేర్లు ఎన్నైనా పెట్టుకోవచ్చు. ఆ ముఖ్యమైన పేరు ఉభాలా, నాట్లా, ఊడ్పులా అన్న దగ్గర కంప్యూటరు చేతులెత్తేస్తుంది, అక్కడ రాజకీయం మొదలవుతుంది.

చోళ్ళూ రాగులూ ఒకటే అని తేలిగ్గా చెప్పేశాం కానీ, అన్ని మాటలూ అంత మర్యాదగా జత కుదరవు. మనవైపు, అంటే ఉత్తరాంధ్రలో, గెడ్డ అంటాం. దీన్ని వాగు అనీ వంక అనీ వేరేచోట్ల అంటారని జత కట్టేయవచ్చా? మన్యంలో గెడ్డ కొండమీంచి దిగే పారుడు నీరు, విశాఖపట్నం నగరంలో అదే మాట పెద్ద మురుగుకాలవకి వాడుతున్నారు. స్కోస్‌లో ఇలాంటి జతలకి ఖచ్చితంగా ఒకటే, దాదాపు ఒకటే అని రెండు వేర్వేరు గుర్తులు పెట్టడానికి కారణం ఇదే. గెడ్డకీ వాగుకీ దాదాపు అనేదే రాయాలి. ఇంకో భాష తీసుకుంటే చిక్కు మరీ పెరుగుతుంది. ఫ్రెంచి వాళ్ళు సముద్రంలో కలిసే నదికి ఒక పేరు, ఇంకో నదిలో కలిసే నదికి ఇంకో పేరు పెట్టుకున్నారు. వాళ్ళ లెక్కలో వంశధార, నాగావళి మొదటి రకం. వంగర మండలంలో సంగం దగ్గర నాగావళిలో కలిసే సువర్ణముఖి, వేగావతి రెండో రకం. మనకి నాలుగూ నదులే. నీళ్ళు ఎవరి పేరుని బట్టీ దారి మార్చుకోవు, కానీ లెక్క రాసేవాడి పుస్తకంలో మాత్రం ఫ్రెంచి రిజిస్టరుకి రెండు గళ్ళు, తెలుగు రిజిస్టరుకి ఒక గడి.

రంగనాథన్ దీన్ని చాలా శుభ్రంగా విడదీశాడు. పుస్తకాల వర్గీకరణలో మూడు తలాలు: ఆలోచనల తలం, మాటల తలం, అంకెల గుర్తుల తలం. పని ముందు ఆలోచనల తలంలో తెగాలి, మిగతా రెండూ దాని వెనకే నడవాలి అన్నాడు. మాటల్లో ఉన్న గందరగోళం ఆలోచనలోకి రాకూడదు, గుర్తుల్లో చోటు చాలలేదని ఆలోచనని కుదించకూడదు. మన ప్రభుత్వ ఫారాల్లో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. గడి ఇంతే ఉంది కాబట్టి మిగిలినవన్నీ ఇతరములు. ఇతరములు అనేది భావన కాదు, అందులో పడ్డవాటికి ఉమ్మడి లక్షణం ఒక్కటే, ఫారం రాసినవాడికి అవి గుర్తు రాకపోవడం.

ఇంగెట్రౌట్ డాల్‌బెర్గ్ అనే జర్మన్ పండితురాలు, 1989లో అంతర్జాతీయ విజ్ఞాన వ్యవస్థీకరణ సంఘాన్ని మొదలుపెట్టినావిడ, భావన ఎలా పుడుతుందో చెప్పిన పద్ధతి చేతికి బాగా అందుతుంది. ఒక విషయం తీసుకోండి, దాని గురించి నిజమని చెప్పగలిగే వాక్యాలన్నీ పోగెయ్యండి, ఒక్కో వాక్యం ఒక్కో లక్షణాన్నిస్తుంది, ఆ లక్షణాల మూటకి పేరు పెట్టండి. విషయం, లక్షణాలు, పేరు, మూడూ కలిస్తే భావన. పద్ధతి బాగుంది కానీ నిజమని ఎవరు చెప్పాలి అన్న దగ్గర ఆగుతుంది. పలాస జీడిపప్పు వ్యాపారికి డబ్ల్యూ-320 అంటే తెలుసు, విరగని తెల్ల పప్పు, పౌనుకి సుమారు 320 పలుకులు తూగేది. తోటలో పిక్కలు ఏరే మనిషికి ఆ తేడా లేనే లేదు. చెట్టుకి అసలే లేదు. డెన్మార్క్ పండితుడు బిర్గర్ యోర్లాండ్ 2009లో వాదించింది ఇదే. భావనలు ఎక్కడో తయారుగా ఉండి మనం ఏరుకునేవి కావు, ఒక్కో రంగంలోని మనుషులు తమ అవసరాలు, సిద్ధాంతాల ప్రకారం బేరమాడుకుని స్థిరపరచుకునేవి. ఈ రెండిట్లో యోర్లాండ్ మాటే ఎక్కువ నిలుస్తుంది.

గీత పదునుగా లేని భావనలూ ఉంటాయని 1970ల్లో అమెరికా మనస్తత్వవేత్త ఎలినార్ రాష్ ప్రయోగాలు చూపించాయి. పక్షి అనగానే అందరికీ ముందు ఒక చిన్న ఎగిరే పిట్ట మెదులుతుంది, కోడి ఎక్కడో చివర్న వస్తుంది, లక్షణాల పట్టీలో రెండూ సమానంగా పాసైనా సరే. వలస పక్షులు వచ్చే శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా పెలికాన్లని చూస్తూ పెరిగిన పిల్లలకి ముందు మెదిలే పక్షి వేరే అయినా ఆశ్చర్యం లేదు. రోజువారీ బతుకులో ఇది చాలు. కోర్టుకీ ఆసుపత్రికీ చాలదు.

ఒకే ఒక్క వస్తువుకి ఉండే భావన సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం, సాలూరు, కురుపాం వైపు ప్రాంతమంతా పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది, శ్రీకాకుళం జిల్లా నుంచి రాజాం వచ్చి విజయనగరంలో కలిసింది. పేరు అదే, కలెక్టరాఫీసు అదే. 2011 లెక్కల్లో విజయనగరం జిల్లా జనాభా 23 లక్షల 44 వేల పైచిలుకు అని రాసి, పక్క గడిలో ఇప్పటి అంకె ఏదైనా పెట్టి తగ్గిందనో పెరిగిందనో అంటే అది మామిడిపండుకీ జీడిమామిడికీ పెట్టిన పోటీ. పాఠ్యపుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో ఇలాంటి పోలికలు కొల్లలు.

ఇదంతా పుస్తకాల వ్యవహారం అనుకునేవాళ్ళకి ఉద్దానం చూపించాలి. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు పల్లెల్లో ఏళ్ళ తరబడి కిడ్నీలు పాడవుతున్నాయి. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనడానికి వైద్యంలో ఒక గీత ఉంది, కిడ్నీ పనితీరులోనో నిర్మాణంలోనో లోపం మూడు నెలలకి మించి ఉండాలి. ఆ మూడు నెలలూ లక్షణంలో భాగమే. క్యాంపు పెట్టి ఒక్కరోజు రక్తం తీసి, కిడ్నీ పనితీరుని చూపే క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్ళందరినీ లెక్కేస్తే, ఒంట్లో నీరు తగ్గి ఆ రోజుకి అలా ఉన్నవాళ్ళు కూడా అందులో పడతారు. అతివ్యాప్తి. ఆపైన ఉద్దానం జబ్బుకి పెట్టిన పేరు, కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. అంటే షుగరు, బీపీలాంటి మామూలు కారణాలు ఉన్నవాళ్ళని తీసేయగా మిగిలినది, మళ్ళీ దిఙ్నాగుడే. ఇందులో ఒక చిక్కుంది. కవిటిలో ముప్ఫై ఏళ్ళుగా అదే నీళ్ళు తాగి, అదే ఎండలో కొబ్బరి తోటలో పనిచేసిన మనిషికి షుగరు కూడా ఉంటే, పక్కింటివాడి కిడ్నీని దెబ్బతీసినదే ఇతని కిడ్నీనీ దెబ్బతీసి ఉండవచ్చు. నిర్వచనం మాత్రం ఇతన్ని బయటికి నెట్టేస్తుంది. అవ్యాప్తి. ఒకే నిర్వచనం వాడే పద్ధతిని బట్టి అటూ తప్పుతుంది, ఇటూ తప్పుతుంది.

శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతుల్లోనూ, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు తోటల కూలీల్లోనూ ఇలాంటిదే ఉంది. ఇవన్నీ ఖచ్చితంగా ఒకటేనా, దాదాపు ఒకటా? ఖచ్చితంగా ఒకటే అంటే అక్కడ తేలిన కారణాన్ని ఇక్కడికి తెచ్చుకోవచ్చు. దాదాపు మాత్రమే అయితే అక్కడి ఎండ, చెరకు నరుకుడు, నీళ్ళు తాగకపోవడం అనే వాదన కొబ్బరి, జీడి తోటల ఉద్దానానికి అతికించే ముందు ఆగాలి. ఇంకా ఎవరూ తేల్చలేదు. తేలిన రోజున కారణం తెలియని అనే లక్షణం రాలిపోతుంది, ఆ లక్షణం మీదే నిలబడ్డ భావన కూడా దాంతో పోతుంది, ఒకటిగా ఉన్నది రెండో మూడో జబ్బులుగా విడిపోవచ్చు. అప్పుడు ఇప్పటి కేసు షీట్లన్నీ తిరిగి తీసి ఎవరు ఏ గీత లోపలికి వస్తారో ఒక్కొక్కటిగా చూసుకోవాలి. షీటులో జబ్బు పేరు ఒక్కటే రాసి ఉంటే ఆ పని చేయలేరు, ఏ పరీక్షలు ఏ తేదీల్లో చేసి, దేన్ని చూసి, దేన్ని కాదనుకుని ఆ పేరు రాశారో కూడా అక్కడ ఉండాలి.